ఒక మామిడిపండుకు ఇరవై పాయింట్లు

మా అన్నయ్య కూతురికి పదేళ్లు. రెండేళ్లుగా బడికి వెళ్లడం లేదు, చదువంతా ఇంట్లోనే. మొన్న వేసవిలో వాళ్లింటికి వెళ్తే చెప్పులు విడవకముందే లాప్‌టాప్ పట్టుకుని ఎదురొచ్చింది. ‘బాబాయ్, ఒక్క పండు పట్టుకుంటే ఇరవై పాయింట్లు వస్తున్నాయి, చూడు!’

బ్లాకులు పేర్చి ప్రోగ్రాం రాసే స్క్రాచ్‌లో చేసిన ఆట అది. పైనుంచి మామిడిపండ్లు రాలుతుంటాయి, కింద బుట్టను అటూ ఇటూ జరిపి పట్టుకోవాలి. తప్పెక్కడుందో నాకు చూడగానే తెలిసింది. చెప్పేస్తే అర నిమిషంలో తేలిపోయేది. అన్నయ్య నోరు తెరవబోతుంటే ఆపి, ‘పండును నెమ్మదిగా పడనిచ్చి చూడు’ అన్నాను. వేగం తగ్గించింది. ఈసారి ఇరవైకి బదులు నలభై వచ్చాయి. బిక్కమొహం వేసింది. కాసేపటికి తనే పట్టుకుంది: పండు బుట్టలోంచి జారుతున్నంతసేపూ కంప్యూటర్ ‘తాకిందా? తాకిందా?’ అని సెకనుకు ముప్పై సార్లు చూసుకుంటోంది, చూసిన ప్రతిసారీ ఒక పాయింటు కలిపేస్తోంది. పాయింటు కలిపిన మరుక్షణం పండును మళ్లీ పైకి పంపేయాలి. ఇంతా చేసి మార్చింది ఒక్క బ్లాకు. పట్టింది ముప్పావు గంట.

బడిలో అయితే ఆ ముప్పావు గంటలోపే పీరియడ్ అయిపోయి గంట కొట్టేస్తారు. ఇంటి చదువుకు ఉన్న అసలైన బలం ఈ తీరికే. గేమ్‌లు చేయడం నేర్చుకునే పిల్లలకు దీన్ని మించిన సౌకర్యం లేదు. చాలామంది తల్లిదండ్రులు దాన్ని చేజేతులా పాడుచేసి, గంటకో ఆన్‌లైన్ క్లాసు పెడుతుంటారు. అలాంటప్పుడు బడి మాన్పించడం దేనికో నాకు అర్థం కాదు.

‘మావాడు రోజంతా గేమ్స్ ఆడుతుంటాడు, చేయడం నేర్పిస్తే పనికొస్తాడా?’ అని అడుగుతుంటారు. భోజనప్రియులంతా వంటవాళ్లు కాలేరు. ఆడుతున్నప్పుడు ‘ఇక్కడ శత్రువు కొంచెం ముందే వచ్చుంటే బాగుండేది’ లాంటి మాట పిల్లవాడి నోట వస్తోందేమో గమనించండి. వస్తుంటే మొదలుపెట్టొచ్చు. తాతయ్యలు మాత్రం గేమ్ అనగానే ఫోన్‌లో రమ్మీ అనుకుని కంగారుపడతారు. డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను 2025లో పార్లమెంటు చేసిన చట్టం నిషేధించింది. అదే చట్టం ఈ-స్పోర్ట్స్‌నూ డబ్బుతో పనిలేని ఆటలనూ ప్రోత్సహిస్తామంటోంది. ఆ సంగతి వాళ్లకు చెబితే ఇంట్లో సగం గొడవ తగ్గుతుంది.

మొదటి పాఠానికి కంప్యూటర్ అక్కర్లేదు. అటక మీదున్న గవ్వలు దింపండి. అష్టాచెమ్మాలో నాలుగు గవ్వలు వేస్తే పదహారు రకాలుగా పడొచ్చు. అందులో అష్టా (ఎనిమిది) ఒక్కటే, చెమ్మా (నాలుగు) ఒక్కటే, రెండు మాత్రం ఆరు రకాలుగా వస్తుంది. అందుకే అష్టా పడితే ఇల్లంతా కేకలు. కానీ గవ్వ నాణెం లాంటిది కాదు, దాని వీపు వేరు, నోరు వేరు. లెక్క ప్రకారమే పడుతుందా? వంద సార్లు వేయించి, నోట్సులో గీతలు పెట్టించండి. తర్వాత పులిమేక. మూడు పులులు, పదిహేను మేకలు. ఒక పులిని పెంచితే ఏమవుతుంది? రెండు మేకలను తగ్గిస్తే? ఒక పక్షం ప్రతిసారీ గెలుస్తుంటే ఎదుటివాళ్లు లేచిపోతారు. గేమ్ డిజైనర్లు జీతాలు తీసుకుని చేసే పనిలో సగం ఇదే. దాన్ని ‘బ్యాలెన్సింగ్’ అంటారు.

ఇక కంప్యూటర్. ఐదు నుంచి ఏడేళ్ల వాళ్లకు స్క్రాచ్ జూనియర్, ఎనిమిదో ఏడు నుంచి స్క్రాచ్. అమెరికాలోని ఎంఐటీ మీడియా ల్యాబ్ 2007లో విడుదల చేసిన ఈ స్క్రాచ్ పూర్తిగా ఉచితం, దించుకుంటే నెట్ లేకుండానూ నడుస్తుంది. మామూలు పాత లాప్‌టాప్ సరిపోతుంది. స్క్రాచ్ తెర వెడల్పు 480, ఎత్తు 360, సున్నా నట్టనడుమ ఉంటుంది. బుట్ట ఎడమకు పోతే మైనస్ అంకెలు వస్తాయి. మా పాపకు రుణసంఖ్యలు ఎవరూ నేర్పలేదు, బుట్ట తెర దాటి పోకుండా ఆపడానికి తనే నేర్చుకుంది. ఇంటి చదువులో గణితం పాఠాన్ని ఇలా ఆటలోంచే లాగొచ్చు. ఎగిరే బొమ్మ చేసేటప్పుడు గురుత్వాకర్షణ, అంటే క్షణక్షణానికీ వేగంలోంచి కొంత తీసేయడం, దానంతటదే వచ్చి కూర్చుంటుంది.

స్క్రాచ్ నుంచి ఎప్పుడు కదలాలి? వయసు చూసి కాదు. ‘ఇందులో నేననుకున్నది కుదరడం లేదు’ అని పిల్లలే విసుక్కున్న రోజు. అప్పుడు నా ఓటు గేమ్‌లు తయారుచేసే గోడో ఇంజిన్‌కు. అర్జెంటీనా ప్రోగ్రామర్లు ఇద్దరు మొదలుపెట్టి 2014లో అందరికీ తెరిచి ఇచ్చారు. రాయల్టీ లేదు, దాని జీడీస్క్రిప్ట్ భాష చూడటానికి పైథాన్‌లా ఉంటుంది. మొబైల్ గేమ్‌ల కంపెనీల్లో యూనిటీ అనే ఇంజిన్ వాడకం ఎక్కువ కాబట్టి, ఇంటర్ వయసులో సీ షార్ప్‌తో దాన్నీ పట్టాలి. 2023లో యూనిటీ ఇన్‌స్టాల్‌కింత అని రుసుం ప్రకటించి గగ్గోలు పుట్టించింది, మరుసటి ఏడాది వెనక్కి తీసుకుంది. ఒకే పనిముట్టును నమ్ముకున్నవాళ్లు ఆ ఏడాది నిద్రపోలేదు. అన్‌రియల్ ఇంజిన్‌ను ఇప్పుడే ముట్టుకోవద్దు, ఇంట్లో ఉండే లాప్‌టాప్ మూలుగుతుంది. కోడ్ రాసిపెట్టే ఏఐ సాయం తీసుకోనివ్వండి, ప్రతి వరుసా ఎందుకుందో మీకు వివరించగలిగితేనే.

పెద్ద జబ్బు ఇంకొకటుంది: మొదలుపెట్టినవి పది, పూర్తయినది సున్నా. పన్నెండేళ్ల కుర్రాడు మొదటి ఆటే జీటీఏ లాంటి భారీ ఆట చేస్తానంటాడు. వాడికి పాంగ్ అనే ఆట కథ చెప్పండి. 1972లో అటారీ అనే గేమ్ కంపెనీలో కొత్తగా చేరిన ఇంజినీరు అలన్ ఆల్కార్న్ చేయి తిరగడానికని యజమాని ఇచ్చిన అభ్యాసం అది. రెండు గీతలు, ఒక చుక్క. అదే కంపెనీని నిలబెట్టింది. మీవాడూ రెండు గీతలతో మొదలుపెట్టి, స్కోరు, చప్పుడు, ‘మళ్లీ ఆడు’ బటన్ దాకా పూర్తి చేయాలి. ఆ బటన్ పెట్టేదాకా ఆట అయినట్టు కాదు.

ఇంటి చదువులో నిజంగా లోటు ఉన్నది తోడు దగ్గర. పక్క బెంచీవాడు ఉండడు కాబట్టి ఆడి చూసేవాళ్లను మనమే పోగుచేయాలి. మా పాప ఆటను ముందుగా నానమ్మ ముందు పెట్టారు. ఆవిడ బుట్టను వేలితో లాగింది, ఫోన్‌లో లాగినట్టు. కదల్లేదు. ‘పాడైపోయిందే’ అని లేచిపోయింది. బాణం గుర్తుల మీటలు నొక్కాలని ఆటలో ఎక్కడా రాయలేదు మరి! పాపకు ఏడుపొచ్చింది, సాయంత్రానికి మౌస్‌తో కూడా జరిగేలా చేసింది. కాస్త పెద్దయ్యాక గేమ్ జామ్‌లకు పంపండి. రెండు మూడు రోజుల్లో ఒక చిన్న ఆట పూర్తి చేసే పోటీలవి. జనవరి ప్రాంతంలో గ్లోబల్ గేమ్ జామ్ జరుగుతుంది. బొమ్మలు వేసేవాళ్లు, సంగీతం చేసేవాళ్లు అక్కడే పరిచయమవుతారు. పూర్తయిన ఆటలను ఇచ్.ఐఓ వెబ్‌సైట్‌లో రుసుం లేకుండా పెట్టొచ్చు. గూగుల్ ప్లేలో డెవలపర్ ఖాతాకు ఒకేసారి 25 డాలర్లు, పీసీ గేమ్‌ల స్టోర్ స్టీమ్‌లో ఆటకు 100 డాలర్లు కట్టాలి, వాటికి తొందరేమీ లేదు.

ఇక సర్టిఫికెట్ల మాట. ఎంత బాగా గేమ్‌లు చేసినా పది, పన్నెండు తరగతుల కాగితాలు కావాలి. జాతీయ ఓపెన్ స్కూల్ ఎన్‌ఐఓఎస్‌లో 14 ఏళ్లు నిండినవాళ్లు పది, 15 నిండి పది పాసైనవాళ్లు సీనియర్ సెకండరీ కట్టొచ్చు. రెండు తెలుగు రాష్ట్రాల ఓపెన్ స్కూల్ సొసైటీలూ ఉన్నాయి. సీనియర్ సెకండరీలో గణితం, కంప్యూటర్ సైన్స్ వదలొద్దు. జేఈఈ మెయిన్‌కు కనీసం ఐదు సబ్జెక్టులు ఉండాలి, ఇది తెలియక నాలుగుతో సరిపెట్టి తర్వాత తల పట్టుకోకండి. బొమ్మల వైపు మొగ్గుంటే యూసీడ్ అనే ప్రవేశ పరీక్ష రాస్తే ఐఐటీ హైదరాబాద్ లాంటి చోట్ల బీడిజైన్ ఉంది, దానికి ఇంటర్‌లో ఏ గ్రూపైనా పర్వాలేదు. డిగ్రీ తర్వాత జాతీయ డిజైన్ సంస్థ ఎన్‌ఐడీ బెంగళూరు క్యాంపస్‌లో డిజిటల్ గేమ్ డిజైన్ పీజీ చేయొచ్చు. లక్షలు కట్టించుకుని ‘వంద శాతం ప్లేస్‌మెంట్’ అనే గేమింగ్ కోర్సుల్లో చేరే ముందు, అక్కడ చదివినవాళ్లు చేసిన ఆట ఒక్కటి చూపించమనండి.

ఉద్యోగాలు మన గుమ్మంలోనే ఉన్నాయి. హైదరాబాద్‌లో గేమ్ కంపెనీ ఎలక్ట్రానిక్ ఆర్ట్స్ ఉంది. ‘అసుర’ అనే ఆటను 2017లో విడుదల చేసింది హైదరాబాద్ కుర్రాళ్ల చిన్న స్టూడియోనే. ప్రోగ్రామర్, ఆర్టిస్ట్, లెవల్ డిజైనర్, సౌండ్, టెస్టర్, ఇలా పనులు చాలా. స్టార్‌డ్యూ వ్యాలీ అనే ఆటను ఎరిక్ బరోన్ నాలుగేళ్లకు పైగా ఒంటరిగా కూర్చుని చేసి 2016లో కోట్లు సంపాదించిన మాట నిజమే, దాన్ని చూసి ఇల్లు నడపాలనుకోవద్దు. సొంత ఆటల మీద వచ్చే డబ్బు ఒక నెల ఉంటుంది, మరో నెల ఉండదు. చేతిలో కంప్యూటర్ సైన్స్ డిగ్రీయో డిజైన్ డిగ్రీయో ఉంచుకుని, దానితోపాటు పూర్తి చేసిన నాలుగైదు చిన్న ఆటలు చూపించేవాడికే నేనైతే ఉద్యోగమిస్తాను.

అంతవరకూ మీరు చేయాల్సింది ఒకటుంది. పిల్లలు ఆట చేసి పిలిచినప్పుడు ఫోన్ పక్కన పెట్టి వెళ్లి ఆడండి. ఎక్కడ ఓడిపోయారో, ఎక్కడ విసుగొచ్చిందో దాచకుండా చెప్పండి. ఎలా సరిచేయాలో మాత్రం చెప్పకండి.