పాత కారు ఇంజను అంత బరువెందుకు?

మోటారు షెడ్డులో పాత అంబాసిడర్ కారు ఇంజనును బయటికి తీయడం మీరెప్పుడైనా చూశారా? దాన్ని చేతులతో ఎవరూ ఎత్తరు. మూడు కాళ్ళ స్టాండు నిలబెట్టి, గొలుసు కప్పీ తగిలించి, మెల్లమెల్లగా పైకి లాగుతారు. గేరుబాక్సు విప్పేసిన తర్వాత కూడా ఆ ఇంజను సుమారు 150 కిలోలు తూగుతుంది. అంటే ఇద్దరు పెద్దవాళ్ళ బరువు కన్నా ఎక్కువే.

పశ్చిమ బెంగాల్‌లోని ఉత్తరపారాలో 2014 వరకు తయారైన ఈ కార్లలో చాలాకాలం వాడిన పెట్రోలు ఇంజను పరిమాణం 1489 ఘన సెంటీమీటర్లు. అంటే ఒకటిన్నర లీటరు. ఒకటిన్నర లీటరు ఇంజనుకు 150 కిలోల బరువేమిటి?

ఆ అంకె ఖాళీ జాగాది

1489 అన్నది ఇంజనులోని లోహపు ఘనపరిమాణం కాదు. నాలుగు సిలిండర్లలో పిస్టన్లు కింది నుండి పైకి కదిలినప్పుడు అవి దాటే ఖాళీ జాగా అది. లెక్క వేసి చూడండి. సిలిండరు లోపలి వ్యాసం సుమారు 7.3 సెం.మీ.; పిస్టన్ కదిలే దూరం 8.89 సెం.మీ. స్తూపం ఘనపరిమాణ సూత్రం మీకు తెలిసిందే. ఒక్కో సిలిండరుకు సుమారు 372 ఘ.సెం.మీ. వస్తుంది. నాలుగింటికి 1488. వ్యాసాన్ని కాస్త కుదించి రాశాం గనుక ఒక్కటి తగ్గింది.

మరి ఇనుము ఎంత? ఈ ఇంజనులో బ్లాకు, దానిమీది హెడ్డు రెండూ పోత ఇనుమే. పోత ఇనుము సాంద్రత ఘ.సెం.మీ.కు సుమారు 7.2 గ్రాములు. బరువంతా పోత ఇనుముదే అనుకుంటే, 1,50,000 గ్రాములను 7.2తో భాగిస్తే సుమారు 21 లీటర్లు వస్తుంది. ఇళ్ళకు తెచ్చే 20 లీటర్ల నీళ్ళ క్యాను కన్నా కొంచెం ఎక్కువ. అంటే ఒకటిన్నర లీటరు ఖాళీ చుట్టూ 21 లీటర్ల ఇనుము ఉందన్నమాట!

లోపలి ఒత్తిడి

పెట్రోలు ఆవిరి, గాలి కలిసి మండినప్పుడు సిలిండరులో పీడనం వాతావరణ పీడనానికి 40 రెట్ల దాకా పోవచ్చు. అంటే ప్రతి చదరపు సెంటీమీటరు మీద సుమారు 40 కిలోల బరువు పెట్టినట్లు. పిస్టన్ తల వైశాల్యం సుమారు 42 చ.సెం.మీ. రెండూ గుణించండి: 1680 కిలోలు! మొత్తం కారు బరువు కన్నా ఎక్కువ. ఇంజను నిమిషానికి 2000 చుట్లు తిరుగుతుంటే, ఒక్కో పిస్టన్ ఇలాంటి తోపును నిమిషానికి 1000 సార్లు అందుకుంటుంది.

ఇక్కడ పోత ఇనుముకు ఒక బలహీనత ఉంది. దానిలో సుమారు 3 శాతం కర్బనం ఉంటుంది. అందులో చాలాభాగం సన్నని గ్రాఫైటు రేకులుగా విడిపోయి ఉంటుంది. ఈ రేకుల వల్ల పోత ఇనుము నొక్కుడును బాగా తట్టుకుంటుంది గాని, లాగుడును అంతగా తట్టుకోదు. సుద్దముక్కను బల్లమీద నిలబెట్టి పైనుండి నొక్కండి, ఓర్చుకుంటుంది. రెండు చేతులతో వంచితే పుటుక్కున విరుగుతుంది. సిలిండరు లోపలి వాయువు గోడను బయటికి తోస్తుంది గనుక, గోడ చుట్టూ పనిచేసేది లాగుడే. అందుకే గోడ దళసరిగా ఉండాలి.

తెలియనిదానికి కట్టిన వెల

అయితే ఇదొక్కటే కారణం కాదు. నేటి ఇంజన్లలో చాలా వాటిలో ఇంతకన్నా ఎక్కువ పీడనాలు ఉన్నా, అవి ఇంత బరువుండవు.

బ్లాకును ఇసుక అచ్చులో పోత పోస్తారు. చల్లబరిచే నీళ్ళు పారే దారుల కోసం అచ్చులో ఇసుక దిమ్మలు అమరుస్తారు. కరిగిన ఇనుము పోసేటప్పుడు దిమ్మ కాస్త జరిగితే ఒకవైపు గోడ పలచబడుతుంది. లోపలి మందాన్ని కోయకుండా కొలిచే సాధనాలు ఆనాడు అందరికీ అందుబాటులో లేవు. ఏ మూల ఎంత బలం పడుతుందో కచ్చితంగా లెక్కించడమూ కష్టమే. కాబట్టి ఇంజనీర్లు మందం అదనంగా ఉంచేవారు. పైగా సిలిండరు అరిగినప్పుడు లోపల కొంత కోసి, పెద్ద పిస్టన్లు వేసేవారు. అందుకూ మందం మిగిలి ఉండాలి. ఆ బరువంతా తెలివితక్కువతనం కాదు, తెలియనిదానికి కట్టిన వెల.

కొలిచే పరికరాలు, పోత పద్ధతులు, కంప్యూటరు లెక్కలు మెరుగుపడ్డాక ఆ అదనపు మందం అవసరం తగ్గింది. అల్యూమినియం కూడా వచ్చింది. దాని సాంద్రత 2.7 మాత్రమే. కాని ఇంజను బరువు మూడోవంతుకు దిగదు. అల్యూమినియం మెత్తన గనుక కొన్నిచోట్ల మందం పెంచాలి. చాలా ఇంజన్లలో సిలిండరు లోపల ఇనుప గొట్టం తొడుగుతారు. క్రాంక్‌షాఫ్టు ఇనుముతోనో ఉక్కుతోనో చేయవలసిందే.

ఇంజను బరువు 50 కిలోలు తగ్గిందనుకోండి. ఎప్పటికీ దిగని ప్రయాణికుడొకడు దిగిపోయినట్లే. బలం = ద్రవ్యరాశి × త్వరణం అని చదువుకున్నారు గదా! ఆగిన కారు కదిలిన ప్రతిసారీ ఆ మేరకు పెట్రోలు ఆదా అవుతుంది.

మీరు చేసి చూడండి

కిరాణా కొట్టులో వాడే ఒక కిలో ఇనుప తూకపురాయి తీసుకోండి. గిన్నెను అంచుదాకా నీళ్ళతో నింపి పళ్ళెంలో పెట్టండి. రాయికి దారం కట్టి నీళ్ళలోకి మెల్లగా దించండి. పళ్ళెంలోకి పొర్లిన నీళ్ళను కొలజాడీతో కొలవండి. సుమారు 140 ఘ.సెం.మీ. రావాలి. 1000 గ్రాములను మీకు వచ్చిన అంకెతో భాగించి, ఆ ఇనుము సాంద్రత కట్టండి. తర్వాత ఒక ప్రశ్న: అదే పరిమాణంలో అల్యూమినియం ముక్క ఎంత తూగుతుంది?