ఉప్పుజాడియు, రక్తపుపోటును

మన గుండె రేయింబవళ్లు ఎడతెగక నెత్తురును నాళములలోనికి పంపుచుండును. అట్లు ప్రవహించు నెత్తురు నాళముల గోడలను ఒత్తు బలమునకే రక్తపుపోటని పేరు. ఈ బలమును తొలుత కొలిచి లోకమునకు తెలిపినవాడు ఇంగ్లండు దేశపు మతగురువగు స్టీఫెన్ హేల్సు. ఆయన ఒక ఆడుగుఱ్ఱపు ధమనికి గాజుగొట్టమును తగిలింపగా, అందు నెత్తురు ఎనిమిదడుగులకు పైగా ఎగబ్రాకెను. ఈ సంగతిని ఆయన 1733వ సంవత్సరమున ప్రకటించెను.

నేడు అంత ప్రయాస అక్కఱలేదు. 1896లో ఇటలీ వైద్యుడు రీవా-రోచి దండచేతికి చుట్టు పట్టీని కల్పించెను. 1905లో రష్యా వైద్యుడు కొరొట్కోవు ఆ పట్టీ క్రింద వినబడు చప్పుళ్లనుబట్టి రెండంకెలను గుర్తించు విధమును తెలిపెను. గుండె ముడుచుకొనునప్పటి పోటు మొదటి అంకె. అది సడలినప్పటి పోటు రెండవ అంకె. ఇవి 120/80 కంటె తక్కువగా నుండుట మేలు. వేర్వేరు దినములలో కొలిచినను 140/90 గాని అంతకు మించి గాని యున్నచో దానిని అధిక రక్తపుపోటందురు.

జ్వరము వచ్చిన ఒడలు కాలును. పన్ను పుచ్చిన నొప్పి పుట్టును. ఈ వ్యాధియందో, తఱచుగా ఏ బాధయు తెలియదు. ఏండ్లకొలది అది లోలోపల నాళములను గట్టిపఱచి మెదడును, గుండెను, మూత్రపిండములను, కన్నులను చెఱచును. అమెరికా అధ్యక్షుడగు ఫ్రాంక్లిన్ రూజ్వెల్టును 1944 మార్చిలో పరీక్షింపగా 186/108 ఉండెను. 1945 ఏప్రిల్ 12వ తేదీన ఆయన విపరీతమైన తలనొప్పియని చెప్పి స్పృహ తప్పి, మెదడులో నెత్తురు చిమ్ముటచే మరణించెను. అంతటివానికిని ఆనాడు ఈ వ్యాధిని నమ్మకముగా అణచు మందు దొరకలేదు.

ఆ కాలముననే అమెరికాలోని డ్యూకు విశ్వవిద్యాలయమున, జర్మనీ విడిచి వచ్చిన వాల్టరు కెంప్నరు అను వైద్యుడు ఒక వింత పథ్యమును నడపెను. అన్నము, పండ్లు, పండ్లరసము, పంచదార ఇందు ముఖ్యములు. ఉప్పు వేయరాదు. ఈ పథ్యముచే పలువురి పోటు దిగెను. కొందరిలో పెరిగిన గుండె తగ్గుటయు, కంటిలోని చెడుగురుతులు మాయుటయు ఛాయాపటములలో కనబడెను.

"మనయింట నిత్యము వండునది అన్నమే గదా! మనవారికి ఈ వ్యాధి యేల?" అని మీరడుగవచ్చును. మర్మము అన్నములో లేదు. ముఖ్యముగా ఉప్పు లేకపోవుటయందును, ఒడలి బరువు తగ్గుటయందును ఉన్నది. మనము అన్నమును ఆవకాయతోను, అప్పడముతోను, ఉప్పుచేపతోను తినుచున్నాము. ఆ పథ్యము మిక్కిలి కఠినము. వైద్యుని కనుసన్నల నడపవలసినదే గాని ఇంట తలపెట్టదగినది కాదు. అయినను అది నేర్పిన పాఠము నిలిచియున్నది.

ఉప్పునకు నీటిని పట్టియుంచు గుణము కలదు. అధికమైన ఉప్పును మూత్రపిండములు వెడలగొట్టజాలనపుడు దానితో నీరును నిలిచి, నాళములలో ద్రవము పెరుగును, పోటును హెచ్చును. 1988లో ప్రకటింపబడిన ఇంటర్‌సాల్ట్ అను పరిశోధనయందు 32 దేశములలోని 52 చోట్ల పదివేలమందికి పైగా పరీక్షింపబడిరి. వారిలో దక్షిణామెరికా అడవులయందలి యానోమామి జనులు తినునది అత్యల్పమైన ఉప్పు. వారికి వయస్సు పెరిగినను పోటు పెరుగుట లేదు. వారు శ్రమ చేయువారు, బక్కపలుచనివారు గనుక ఉప్పొక్కటియే కారణమనరాదు. కాని ముసలితనమున పోటు హెచ్చుట అందరికిని తప్పదను మాట నిజము కాదని దీనివలన తేలినది.

ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దవారు దినమునకు 5 గ్రాములకంటె తక్కువ ఉప్పు వాడవలెనని చెప్పుచున్నది. ఇది చిన్న చెంచాకు ఇంచుక వెలితి. ఐదుగురు పెద్దలున్న యింటికి లెక్క వేయుడు: దినమునకు 25 గ్రాములు, 30 దినములకు 750 గ్రాములు. కూరలో, పప్పులో, చారులో, మజ్జిగలో వేయునదియేగాక, ఊరగాయలలోను, వడియములలోను, అంగడి పలహారములలోను ఉండు ఉప్పును ఈ లెక్కలోనిదే. "అన్నీ వేసి చూడు, నన్ను వేసి చూడు" అన్నదట ఉప్పు. నిజమే, ఉప్పు లేనిదే రుచి లేదు. కాని కొంచెము కొంచెముగా తగ్గించుచు వచ్చినచో కొన్ని వారములకు నాలుక దానికి అలవాటు పడును. నిమ్మ, చింతపండు, అల్లము, మిరియము, కొత్తిమీర ఇందుకు తోడ్పడును.

ఉప్పు తగ్గించుటయొక్కటే ఉపాయము కాదు. 1997లో అమెరికాలో ప్రకటింపబడిన డాష్ అను పరిశోధనయందు 459 మంది పాల్గొనిరి. కూరగాయలు, పండ్లు, వెన్న తీసిన పాలు హెచ్చుగానున్న భోజనము ఎనిమిది వారములు తినగా, అధికపోటు గలవారిలో మొదటి అంకె సుమారు 11 తగ్గెను. స్థూలకాయులకు బరువు ఒక కిలో తగ్గిన, పోటు ఇంచుమించు ఒక అంకె తగ్గును. వారమునకు ఐదు దినములు అరగంట చొప్పున వడిగా నడచుట మేలు. మద్యము పోటును హెచ్చించును. పొగాకు నాళములను చెఱచును.

ఇచ్చట ఒక హెచ్చరిక మఱువరాదు. ఈ పద్ధతులచే కొందరికి మందు అక్కఱలేకపోవచ్చును. కొందరికి మోతాదు తగ్గవచ్చును. పలువురికి మాత్రము మందు తప్పదు. "తల నొచ్చుట లేదు గదా" యని మాత్రలు మానిన పెద్దలు ఒక్కరాత్రిలో పక్షవాతమున పడుట కలదు. మానవలెనో, తగ్గింపవలెనో వైద్యుడే చెప్పవలెను. మూత్రపిండముల వ్యాధి గలవారు పొటాసియము కలిపిన ఉప్పును వైద్యుని అడుగక వాడరాదు.

బాలబాలికలారా! మీరు చేయదగిన పనులు రెండు కలవు. మొదటిది: ఉప్పుపొట్లము విప్పిన దినమున దానిపై తేదీ వ్రాసి, అయిపోయిన దినమును చూచి, తలకు ఎంత పడినదో లెక్క కట్టి అమ్మకు చూపుడు. రెండవది: ఇంటిలోని పెద్దలను పోటు కొలిపించుకొనుటకు పిలుచుకొని పొండు. కొలుచుటకు ముందు వారు ఐదు నిమిషములు వీపు ఆనించి మాటలాడక కూర్చుండవలెను. చేయి గుండె ఎత్తున ఉంచవలెను. వచ్చిన రెండంకెలను తేదీతోకూడ ఒక పుస్తకములో వ్రాసియుంచుడు. తెలిసిన అంకెను దింపుటకు యత్నింపవచ్చును. తెలియని దానికి ఏ ఉపాయమును లేదు.