ఒప్పించే వ్యాసం: ముట్నూరి, నార్ల, సర్ సయ్యద్

వ్యాసకర్తకు న్యాయవాదివలె సాక్షులు లేరు, కవివలె ఛందస్సు తోడు లేదు. పాఠకుని ఒప్పించడానికి వాక్యమొక్కటే ఆధారం. ఆ వాక్యాన్ని నడిపే రెండు మార్గాలను మన కృష్ణాతీరంలోనే చూడవచ్చు.

బందరులో 1902లో వెలసిన కృష్ణాపత్రికకు 1907 నుండి 1945లో కీర్తిశేషులయ్యే వరకు ముట్నూరి కృష్ణారావుగారు సంపాదకులు. వారి రచనలో వాదం కంటె ముందు భావం పలుకుతుంది. సంస్కృత సమాసాల గాంభీర్యం, కవితాధోరణి పాఠకుని హృదయాన్ని ఎత్తైన చోటికి చేరుస్తాయి. అక్కడినుండి చూడగా రాజకీయ సమస్య సైతం ధర్మసమస్యగా తోస్తుంది. బలమైన పద్ధతే. అయితే నాదానికి తలయూచి అర్థాన్ని విచారించకపోయే ప్రమాదం ఇందులో ఉన్నదని మా అభిప్రాయం.

విజయవాడలో 1960లో ఆరంభమైన ఆంధ్రజ్యోతికి సంపాదకత్వం వహించిన నార్ల వెంకటేశ్వరరావుగారిది వేరు దారి. చిన్న వాక్యం, వాడుక మాట, సూటి ప్రశ్న, అవసరమైన చోట చురక. చదువు కొద్దిపాటిగా ఉన్న రైతు కూడా తనతోనే మాట్లాడుతున్నారని భావించగల శైలి అది. చురక తగిలిన పాఠకుడు మాత్రం ఒప్పుకొనకుండానే పత్రిక మడిచివేయవచ్చు!

ఉర్దూ వచనంలో సరళతకై ఇటువంటి ప్రయత్నం ముందే జరిగింది. అడిసన్, స్టీల్‌ల ఆంగ్ల పత్రికలను ఆదర్శంగా గ్రహించి సర్ సయ్యద్ అహ్మద్ ఖాన్ 1870లో 'తహ్జీబుల్ అఖ్లాక్' స్థాపించారు. (మన పానుగంటివారి 'సాక్షి'కి కూడా అడిసనే ప్రేరణ.) అలంకారభారాన్ని తగ్గించిన వచనంలో, ఆంగ్లవిద్యకు విముఖులైన స్వజనులతోనే ఆయన తర్కించారు. 1875లో అలీగఢ్ పాఠశాల తెరచుకొనేనాటికి ఆ తర్కం నాలుగేళ్లకు పైగా సాగింది.