గోరుచిక్కుడు గింజలోని బంక

గోరుచిక్కుడును మనము కూరకాయగానే యెరుగుదుము. కాని దాని యెండుగింజలో పైపొట్టునకును మొలకకును నడుమ తెల్లని పొర యొకటి గలదు. దానిని వేరుచేసి విసరిన పిండియే బంక. ఇది చన్నీటిలోనే చిక్కబడును. ఐస్‌క్రీము మొదలగు తినుబండారములందును, చమురుబావులందును దీనిని వాడుదురు. మిగిలిన పొట్టును, మొలకయు పశువుల దాణాకు వచ్చును.

నీరు నిలువని తేలికనేలలు దీనికి తగును. మురుగు తీయని నల్లరేగడి పల్లములలో వేయరాదు. చిక్కుడు జాతిది గావున వేళ్లబుడిపెలచే గాలిలోని నత్రజనిని గ్రహించును. మిరప, ప్రత్తి వేసిన చేలకు మార్పుపైరుగా మేలు.

అయితే ధర మాట వినుడు. 2012లో చమురుబావుల గిరాకిచే గింజధర మిన్నంటెను. ఆ మార్చిలో ప్రభుత్వము ముందస్తు బేరములను నిలిపి, 2013 మేలో మరల అనుమతించెను. పిమ్మట ధర పడిపోయెను. ధర చూచి విత్తినవాడు ధర పడినపుడు కోయవలసివచ్చును. పైగా పంటయు, మిల్లులును రాజస్థానమున మెండు. వాడరేవునుండి బండిబాడుగ మనదే.

లేతకాయకు వేయు రకము వేరు, గింజకు వేయు రకము వేరు. లేతకాయను చీరాల బజారున నేటికి నేడే అమ్ముకొనవచ్చును. గింజను కొనువాడు దూరమున నుండును. కావున గింజరకమును వేయదలచిన సభ్యులు ముందుగా సంఘమున కూడి, కొనువానిని, ధరను వ్రాతమూలమున నిశ్చయించుకొని, మొదటి యేట కొలది సెంట్లలోనే విత్తి చూడవలెను.