భయం మీకు ఏ పని చెబుతోంది?

రాత్రి భోజనాలయ్యాయి. పిల్లలు పడుకున్నారు. ఫ్యామిలీ గ్రూపులో పెదనాన్నగారు ఒక వీడియో పంపారు. ఎర్ర అక్షరాల్లో ఒక తేదీ, వెనక ఉరుముల్లాంటి సంగీతం, ‘ఆ రోజు ఏం జరగబోతోందో తెలిస్తే వణికిపోతారు, చివరిదాకా చూడండి’ అని ఒక గొంతు. వద్దనుకుంటూనే చూస్తారు. దాని కింద ఇంకొకటి సిద్ధంగా ఉంటుంది. ఆ తర్వాత మరొకటి. ఒంటిగంటకు పక్క మీద అటూ ఇటూ దొర్లుతూ, ఇంటి అప్పు దగ్గర్నుంచి భూగోళం బద్దలవడం దాకా అన్నీ కలిపి ఒకేసారి ఆలోచిస్తుంటారు.

ఇలా నలిగిపోతున్నవాళ్ళు చాలామందే ఉన్నారు. ‘ఇంత చదువుకుని ఇవన్నీ నమ్ముతావా’ అని వాళ్ళను గేలి చేయడం నాకు నచ్చదు. ఆ మాటతో ఎవరి భయమూ తగ్గినట్టు నేను చూడలేదు. తగ్గకపోగా, రేపటి నుంచి ఆ మనిషి తన భయాన్ని ఎవరికీ చెప్పుకోడు. భయపడుతున్నవాళ్ళ చేతికి ఒక పనిముట్టు ఇవ్వాలి. నాకు తెలిసినంతలో అన్నిటికన్నా బాగా పనికొచ్చేది ఒక్క ప్రశ్న: ఈ భయం నాకు ఏ పని చెబుతోంది?

1979 జులై గుర్తున్న పెద్దవాళ్ళు ఇంట్లో ఉంటే అడిగి చూడండి. అమెరికా 1973లో పైకి పంపిన స్కైలాబ్ అనే అంతరిక్ష కేంద్రం కిందికి జారుతోందని అప్పట్లో వార్త. బరువు సుమారు 77 టన్నులు. ఎక్కడ పడుతుందో ముందే కచ్చితంగా చెప్పడం ఎవరి వల్లా కాలేదు. కబురు తెలియని చోట పుకారు పుడుతుంది. తెలంగాణలో, ఆంధ్రలో ఎన్నో పల్లెల్లో ‘ఎలాగూ పోయేవాళ్ళమే, ఉన్నది తినిపోదాం’ అని కోళ్ళూ మేకలూ కోసుకున్నారు. గొడ్డూ గోదా వచ్చిన ధరకు తెగనమ్ముకున్నవాళ్ళున్నారు. జులై 11న స్కైలాబ్ ముక్కలై కొంత హిందూ మహాసముద్రంలో, కొంత పశ్చిమ ఆస్ట్రేలియాలోని ఎస్పెరాన్స్ చుట్టుపక్కల పడింది. ఎవరికీ చిన్న గాయమైనా కాలేదు. కానీ గేదెను అమ్ముకున్న మనిషి సంగతి ఆలోచించండి. మర్నాడు తెల్లవారుతూనే చెంబు పట్టుకుని కొట్టంలోకి వెళితే గుంజకు పలుపు వేలాడుతోంది, గేదె లేదు. ఆ ఏడాదంతా ఆ ఇంట్లో పిల్లలకు పాలు లేవు. ఆకాశం నుంచి వచ్చిన నష్టమంటూ ఏదీ లేదు. ఉన్న నష్టమంతా భయంతో తీసుకున్న నిర్ణయం తెచ్చిపెట్టిందే.

అందుకే ప్రపంచం అంతమైపోతుందని ఎవరైనా తేదీ చెప్పినప్పుడు, ఆ తేదీ నిజమా కాదా అన్న వాదనకన్నా ముందు చూసుకోవాల్సింది ఒకటుంది. ఆ భయంలో మీరు ఏం అమ్ముతున్నారు? ఏం మానేస్తున్నారు? పరీక్షకు చదవడం మానేశారా? పెళ్ళి వాయిదా వేస్తున్నారా? తేదీ వెళ్ళిపోతుంది. మానేసిన పని మాత్రం మీ ఖాతాలోనే ఉండిపోతుంది.

తేదీలకు కొదవ ఎప్పుడూ లేదు. 1962 ఫిబ్రవరిలో అష్టగ్రహ కూటమి అన్నారు. ఎనిమిది గ్రహాలు మకరంలో చేరుతున్నాయని దేశమంతా హోమాలు, అఖండ భజనలు జరిగాయి. 2012 డిసెంబరు 21న మాయన్ల క్యాలెండర్ ముగుస్తోందన్నారు. మొన్నటికి మొన్న 2025 జులైలో, జపాన్‌లో ఒక పాత కామిక్ పుస్తకంలో రాసి ఉందని మహా విపత్తు వస్తుందన్నారు. భూకంపం ఫలానా తేదీన వస్తుందని చెప్పగల శాస్త్రం ఇంకా లేదని అక్కడి వాతావరణ సంస్థ బహిరంగంగా చెప్పినా, హాంకాంగ్ నుంచి జపాన్ వెళ్ళే కొన్ని విమాన సర్వీసులను తగ్గించుకోవాల్సి వచ్చింది. చెప్పిన మహా విపత్తు మాత్రం రాలేదు.

ఇన్నిసార్లు తప్పినా జోస్యాలు ఎందుకు బతికి ఉంటాయి? లియాన్ ఫెస్టింగర్ అనే అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్త దీన్ని చాలా దగ్గర్నుంచి చూశాడు. 1954 డిసెంబరు 21న జలప్రళయం వస్తుందని, ఈలోగా ఎగిరే పళ్ళెం వచ్చి తమను తీసుకుపోతుందని షికాగో ప్రాంతంలో ఒక చిన్న బృందం నమ్మింది. ఫెస్టింగర్ తన సహచరులతో కలిసి వాళ్ళ మధ్యనే పరిశీలకులను ఉంచాడు. అర్ధరాత్రి దాటింది. పళ్ళెమూ రాలేదు, ప్రళయమూ రాలేదు. వాళ్ళు నమ్మకం వదిలేస్తారనే ఎవరైనా అనుకుంటారు. తెల్లవారేలోగా వాళ్ళకు కొత్త సందేశం అందింది: తమ భక్తి వల్లే దేవుడు ప్రపంచాన్ని కాపాడాడట! అప్పటిదాకా పత్రికలవాళ్ళను దగ్గరికి రానివ్వనివాళ్ళు ఆ రోజు వాళ్ళంతట వాళ్ళే పత్రికలకు ఫోన్లు చేశారు. ఉద్యోగాలు, బంధాలు పణంగా పెట్టాక ‘తప్పయింది’ అని ఒప్పుకోవడం మనిషికి అంత కష్టం. కాబట్టి తేదీ తప్పాక కూడా మీ బంధువు మారకపోతే ఆయనతో గొడవ పెట్టుకోకండి. మీ వరకు ఒక పని చేయండి. ఈసారి ఎవరు ఏ తేదీ చెప్పినా డైరీలో రాసిపెట్టుకోండి, చెప్పినవాళ్ళ పేరుతో సహా. ఆ తేదీ దాటాక తీసి చూసుకోండి. నాలుగైదు తేదీలు అలా దాటాక మీ మనసుకు కలిగే ధైర్యం ఏ ఉపన్యాసమూ ఇవ్వలేదు.

బ్రహ్మంగారి పేరు ఇక్కడ ఎత్తక తప్పదు. దూదేకుల సిద్దయ్యను శిష్యుడిగా చేరదీసిన ఆ మహనీయుడి మీద నాకు ఎంతో గౌరవం. ఆ గౌరవం ఉన్నందుకే, ఎక్కడ ఏం జరిగినా ‘కాలజ్ఞానంలో అప్పుడే చెప్పారు’ అని ఆయన పేరుకు అంటగట్టే వీడియోలు చూస్తే బాధేస్తుంది. అవన్నీ ఘటన జరిగాక పుట్టేవే. ముందు రోజు ఒక్కరూ చెప్పి ఉండరు.

అయితే భయాలన్నీ ఉత్తవేనని నేను అనడం లేదు. అలా అనడం ప్రమాదం కూడా. 1977 నవంబరు 19 దివిసీమ ఉప్పెనను తలచుకోండి. ఇళ్ళ పైకప్పులను మించి లేచిన సముద్రం ఊళ్ళకు ఊళ్ళనే తుడిచిపెట్టింది. దాదాపు పదివేల మంది పోయారు. ఆ తర్వాత తీరం వెంబడి తుఫాను షెల్టర్లు లేచాయి. హెచ్చరికలు చివరి గ్రామం దాకా చేరే ఏర్పాట్లు ఏటేటా మెరుగుపడ్డాయి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ గంటకు 180 కిలోమీటర్ల గాలులతో విశాఖను ఊపేసినప్పుడు ఆంధ్రప్రదేశ్‌లో మృతుల సంఖ్య వంద దాటలేదు. రెండూ ఒకే తీరు తుఫాన్లు కావు, నిజమే. కానీ లక్షల మందిని ముందే కదిలించడం వల్ల ఎన్ని ప్రాణాలు నిలిచాయో తీరంలో ఎవరిని అడిగినా చెబుతారు. రేవులో ప్రమాద సూచిక ఎగరేశారంటే ఇంటింటికీ పని ఉంటుంది. పడవ ఒడ్డుకు లాగి కట్టాలి. వలలు ఇంట్లో పెట్టాలి. ఆధార్ కార్డు, పాసుపుస్తకం ప్లాస్టిక్ సంచిలో చుట్టాలి. ముసలివాళ్ళను ముందు షెల్టర్‌కు చేర్చాలి. ఆ కబురు మిమ్మల్ని భయపెడుతుంది, వెంటనే చేతికి పనీ ఇస్తుంది. పని ముగిశాక భయం సగానికి సగం తగ్గుతుంది కూడా.

వై2కె కూడా అలాంటిదే. దాన్ని చాలామంది ఇప్పటికీ పుకారనే అనుకుంటారు. పాత ప్రోగ్రాముల్లో సంవత్సరాన్ని రెండంకెలతో రాసేవారు కాబట్టి 2000 వచ్చేసరికి కంప్యూటర్ దాన్ని 1900 అనుకునే ప్రమాదం నిజంగానే ఉండింది. ప్రపంచమంతా కలిసి వేల కోట్ల డాలర్లు ఖర్చుపెట్టి ఆ కోడ్‌ను వరుసవరుసనా వెతికి సరిచేశారు. అమీర్‌పేటలో కోబాల్ నేర్చుకుని విమానమెక్కిన మన కుర్రవాళ్ళు అందులో ఎందరో. జనవరి 1న ఏమీ జరగలేదంటే కారణం వాళ్ళ కష్టమే. ‘అంతా ఉత్తిదే’ అనేవాళ్ళు దాన్ని కూడా తుడిచేస్తున్నారు.

ఇప్పుడు ఆ ప్రశ్న దగ్గరికి మళ్ళీ రండి. భయం పని చెబితే, ఆ పని ఈ వారంలోనే మొదలుపెట్టండి. ఏ పనీ చెప్పకుండా ‘చివరిదాకా చూడండి, పదిమందికి పంపండి’ అని మాత్రమే అడిగితే అది మీ సమయం మీద కన్నేసిన సరుకు. అక్కడే ఆపండి. ఇంకో రకం కూడా ఉంది. పని ఉంటుంది, కానీ అది మీది కాదు. 2025 ఫిబ్రవరిలో 2024 వైఆర్4 అనే గ్రహశకలం 2032లో భూమిని ఢీకొట్టే అవకాశం 3.1 శాతం అన్నారు. ఆకాశాన్ని చూసేవాళ్ళు కొలుస్తూ పోయారు. వారం తిరక్కుండానే ఆ అంకె దాదాపు సున్నాకు పడిపోయింది. 2022 సెప్టెంబరు 26న నాసా డార్ట్ నౌక డైమార్ఫాస్ అనే బుల్లి గ్రహశకలాన్ని కావాలనే ఢీకొట్టి, దాని పరిభ్రమణ కాలాన్ని అరగంటకు పైగా తగ్గించింది. మన వైపు వచ్చేదాన్ని పక్కకు నెట్టడం సాధ్యమేనని చేసి చూపించింది. ఆ పనికి మనుషులున్నారు. వాళ్ళ బదులు మీరు మేల్కొని ఉండనక్కర్లేదు.

రేపటి ఉద్యోగం సంగతి వేరే. అది ప్రళయంకన్నా ఎక్కువగా నిద్ర చెడగొడుతుంది. ఎందుకో లండన్‌లో 2016లో వెలువడిన ఒక ప్రయోగం చెబుతుంది. యూనివర్సిటీ కాలేజ్ లండన్ పరిశోధకులు 45 మందితో కంప్యూటర్‌లో ఒక ఆట ఆడించారు. రాయి కింద పాము ఉంటే చేతికి నొప్పి పుట్టే చిన్న కరెంటు షాక్. షాక్ తప్పదని తెలిసినప్పటికంటే, సగం సగం అవకాశం ఉన్నప్పుడే వాళ్ళలో ఒత్తిడి ఎక్కువైంది. చెడ్డ కబురుకైనా మనసు సర్దుకుంటుంది, ఎటూ తేలని కబురుకు సర్దుకోలేదు. ఏఐ వచ్చి ఉద్యోగం తీసేస్తుందా లేదా అని సాఫ్ట్‌వేర్ కుర్రవాళ్ళు పడుతున్న నరకం ఇదే.

2025 సెప్టెంబరు 19 శుక్రవారం గుర్తుందా? హెచ్1బి వీసాకు లక్ష డాలర్ల రుసుము అని ట్రంప్ సంతకం చేసిన రోజు. డల్లాస్‌లో కొడుకు, గుంటూరులో తల్లి. ఆ రాత్రి రెండు చోట్లా నిద్ర లేదు. సెలవు మీద ఇండియా వచ్చినవాళ్ళు దొరికిన టికెట్టల్లా కొన్నారు. మర్నాటికి వైట్‌హౌస్ వివరణ ఇచ్చింది: కొత్త దరఖాస్తులకే, అదీ ఒకేసారి, ఇప్పటికే వీసా ఉన్నవాళ్ళకు కాదు. కొత్తగా వెళ్ళాలనుకునేవాళ్ళకు అది పెద్ద దెబ్బే, దాన్ని తక్కువ చేయను. కానీ ఆ రాత్రి కంగారుపడ్డవాళ్ళలో చాలామందికి అది వర్తించనే లేదు. అందుకే పెద్ద కబురు ఏది వచ్చినా రెండో రోజు పేపరు చూసేదాకా ఏ నిర్ణయమూ తీసుకోకండి. తుఫాను హెచ్చరిక ఒక్కటే దీనికి మినహాయింపు.

తేలని భవిష్యత్తు ముందు చేయాల్సిన పనులు కళ తప్పినట్టు కనిపిస్తాయి. ఆరు నెలల ఇంటి ఖర్చు పక్కన పెట్టడం. ఆరోగ్య బీమా, టర్మ్ పాలసీ తీసుకోవడం. ఆఫీసులో వచ్చిన కొత్త పరికరాన్ని రోజూ ఒక గంట నేర్చుకోవడం. కంపెనీ బయట కూడా మిమ్మల్ని ఎరిగినవాళ్ళు నలుగురుండేలా చూసుకోవడం. వీటిలో ఏదీ గ్యారంటీ ఇవ్వదు. కానీ ఏ రకం కష్టం వచ్చినా ఇవి అక్కరకొస్తాయి. అందుకే వీటిని నేను జోస్యాలన్నిటికన్నా పైన పెడతాను.

ఉగాది రోజు పంచాంగ శ్రవణంలో ఆదాయం రెండు, వ్యయం పధ్నాలుగు అని విన్న కిరాణా కొట్టు యజమాని మర్నాడు పొద్దున్నే షట్టరు ఎత్తుతాడు. కాస్త అప్పులివ్వడం తగ్గిస్తాడేమో, అంతే. రాబోయేది వినడం, విన్నాక కూడా కొట్టు తెరవడం మనవాళ్ళకు ఎప్పట్నుంచో అలవాటే.

రాత్రి ఆలోచనలు వదలనివారికి ఒక చిట్కా. అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్త థామస్ బోర్కోవెక్ నాలుగు దశాబ్దాల కిందటే దీన్ని పరీక్షించాడు. దిగులు పడటానికి రోజూ ఒక వేళ కేటాయించండి. సాయంత్రం ఆరు నుంచి ఆరున్నర అనుకుందాం. మిగతా వేళల్లో దిగులు వస్తే చీటీ మీద ఒక్క ముక్క రాసి ‘ఆరింటికి చూద్దాం’ అనుకోండి. ఆరింటికి నిజంగానే కూర్చుని చూడండి. పక్క మీద మాత్రం ఆ పని పెట్టుకోవద్దు. మొదటి వారం మనసు మాట వినదు. ఆ తర్వాత చీటీలో సగం అంశాలు సాయంత్రానికే పాతబడి కనిపిస్తాయి. ఫోన్ ఇంకో గదిలో ఛార్జింగ్ పెట్టడం దీనికి తోడైతే మరీ మంచిది.

పిల్లలు ‘ప్రపంచం అంతమైపోతుందా అమ్మా?’ అని అడిగితే ‘నోర్మూసుకుని చదువుకో’ అనకండి. ఎక్కడ చూశావని అడగండి, ఆ వీడియో పక్కన కూర్చుని చూడండి. అపోఫిస్ కథ చెప్పండి. 2004లో కనిపెట్టిన కొత్తలో ఆ గ్రహశకలం 2029లో మనల్ని ఢీకొట్టే అవకాశం 2.7 శాతం అన్నారు. కొలతలు పెరిగేకొద్దీ భయం తగ్గి, కనీసం వందేళ్ళ దాకా ప్రమాదం లేదని 2021లో తేల్చేశారు. 2029 ఏప్రిల్ 13న అది మనకు సుమారు 32,000 కిలోమీటర్ల దూరం నుంచి వెళ్ళిపోతుంది. భయపడ్డ పిల్లాడు దాని గురించి ఇంకా అడగడం మొదలుపెడతాడు.

వీళ్ళందరికన్నా నాకు దిగులు కలిగించేది పిల్లలు దూరదేశాల్లో ఉండి, ఇంట్లో ఒంటరిగా యూట్యూబ్ ముందు గడిపే పెద్దవాళ్ళు. వాళ్ళకు కాదని చెప్పే మనిషి పక్కన ఉండరు. రోజూ ఫోన్ చేసినప్పుడు ‘భోంచేశావా’తో పాటు ‘ఇవాళ ఏం చూశావు’ అని కూడా అడగండి. నిద్ర, తిండి తప్పుతున్నా, వారాల తరబడి గుండెదడ తగ్గకపోయినా, బతకడం దండగ అన్న మాట నోట వచ్చినా డాక్టర్ దగ్గరికి తీసుకెళ్ళడానికి జంకకండి. కేంద్ర ప్రభుత్వం 2022లో మొదలుపెట్టిన టెలీ మానస్ నంబరు 14416. ఉచితం, రాత్రీ పగలూ పలుకుతారు, తెలుగులో మాట్లాడవచ్చు. ఆ నంబరు మీ ఫోన్‌లో పెట్టుకుని, ఈ ఆదివారం అమ్మానాన్నల ఫోన్‌లో కూడా మీరే ఎక్కించండి.