కనిపించని పక్షిని లెక్కపెట్టేదెలా?

మీ తరగతిలో ఈ రోజు ఎంతమంది ఉన్నారో మాస్టారు ఎలా తెలుసుకుంటారు? హాజరు పట్టీ తీసి పేర్లు పిలుస్తారు. "హాజరండీ" అన్న గొంతులను బట్టి లెక్క తేలుతుంది. తల ఎత్తి చూడకపోయినా లెక్క తప్పదు. సరిగ్గా ఇదే పద్ధతిలో, చెవులతో విని, ఒక పక్షిని అమెరికా శాస్త్రజ్ఞులు 1980 నుంచి లెక్కపెడుతూ వచ్చారు.

ఆ పక్షి పేరు లైట్‌ఫుటెడ్ రిడ్జ్‌వేస్ రైల్. మనం దాన్ని రైల్ పక్షి అందాం. ఇది మన చెరువుల్లో తిరిగే నీటికోడి కుటుంబానికి చెందినదే. ఇంచుమించు కోడిపెట్టంత ఉంటుంది. ముక్కు పొడవుగా, కొంచెం కిందికి వంగి ఉంటుంది. పీతల్నీ, నత్తల్నీ ఏరుకు తింటుంది. దక్షిణ కాలిఫోర్నియా తీరంలోనూ, దాన్ని ఆనుకొని ఉన్న మెక్సికో తీరంలోనూ మాత్రమే ఇది నివసిస్తుంది.

ఉప్పు బురదనేల అంటే?

సముద్రానికి పోటు వచ్చినప్పుడు ఉప్పునీరు తీరంలోని పల్లపు నేలల మీదికి పాకుతుంది. పోటు తగ్గగానే వెనక్కి పోతుంది. ఇలా రోజూ తడిసే బురదలో ఉప్పును తట్టుకొనే గడ్డి దట్టంగా పెరుగుతుంది. రైల్ పక్షి ఆ గడ్డిలోనే గూడు కడుతుంది, అందులోనే దాక్కుంటుంది. దాని సన్నని శరీరం గడ్డి దుబ్బుల మధ్య నుంచి సులువుగా జారిపోతుంది. ఎగరడం బహు తక్కువ. కాబట్టి పక్కనే నిలబడినా మనకు కనిపించదు.

ఓడరేవులు, రోడ్లు, ఇళ్లు కట్టడానికి ఇలాంటి నేలల్ని చాలావరకు పూడ్చేశారు. పక్షులు తగ్గిపోయాయి. 1970లో అమెరికా ప్రభుత్వం ఈ పక్షిని అంతరించిపోయే ప్రమాదంలో ఉన్న జీవుల జాబితాలో చేర్చింది. కాని కాపాడాలంటే ముందు ఎన్ని మిగిలాయో తెలియాలి కదా!

చెవులే కళ్లు

రైల్ పక్షి కనిపించదు గాని బాగా వినిపిస్తుంది. వసంతకాలంలో జత కట్టిన ఆడా మగా కలిసి, చప్పట్లు కొట్టినట్టు "టక టక టక" మని గబగబా అరుస్తాయి. జత దొరకని మగపక్షి అరుపు వేరు. అది ఒంటరిగా "కెక్, కెక్" మని పిలుస్తూ ఉంటుంది. అరుపును బట్టి అక్కడ జంట ఉందో, ఒంటరి పక్షి ఉందో చెప్పవచ్చు.

తెల్లవారుజామునా, పొద్దుగూకే ముందూ ఇవి ఎక్కువగా అరుస్తాయి. ఆ వేళకు పరిశీలకులు పటం పట్టుకొని గట్టున నిలబడతారు. అరుపు వినగానే అది వచ్చిన చోటును పటంలో గుర్తిస్తారు, సమయం రాసుకుంటారు. ఒకే పక్షి రెండు చోట్ల అరిస్తే రెండుగా లెక్కించే ప్రమాదం ఉంది. రెండు అరుపులు ఒకేసారి రెండు వైపుల నుంచి వినిపిస్తే మాత్రం అవి వేరు వేరు జంటలేనని నమ్మకంగా చెప్పవచ్చు.

పక్షులు మరీ తక్కువగా ఉన్నచోట అవి మౌనంగా ఉండిపోతాయి. జవాబిచ్చేవారు లేనప్పుడు పిలిచి ఏం లాభం? అలాంటి చోట ముందే రికార్డు చేసిన అరుపును కాసేపు వినిపించి, జవాబు వస్తుందేమోనని చూస్తారు. ఊరికే మాటిమాటికీ వినిపించరు. ఎవరో శత్రువు తమ చోటుకు వచ్చాడని పక్షులు కంగారుపడతాయి.

లెక్క చెప్పిన సంగతులు

రిచర్డ్ జెంబల్, బార్బరా మాస్సీ అనే శాస్త్రజ్ఞులు 1980లో కాలిఫోర్నియా తీరమంతా ఈ లెక్క మొదలుపెట్టారు. ఆ ఏడు 203 జంటలు తేలాయి. 1985 నాటికి 142కు పడిపోయాయి. ఎందుకని? లెక్క చోటు వారీగా ఉండబట్టి కారణాలు వెతకడం తేలికైంది.

మెక్సికో సరిహద్దు దగ్గర టిహువానా నది సముద్రంలో కలిసే చోటు 1984లో ఇసుకతో పూడిపోయింది. పోటు నీరు లోపలికి రాక బురదనేల ఎండిపోయింది. అక్కడి పక్షులు దాదాపు మాయమయ్యాయి.

సీల్ బీచ్ అనే చోట 1986లో 5 జంటలే మిగిలాయి. బయటి నుంచి వచ్చి చేరిన ఎర్రనక్కలు పక్షుల్ని తినేస్తున్నాయి. నేల కుంగి ఉండటం వల్ల పెద్ద పోటు వస్తే గూళ్లు మునిగిపోతున్నాయి. నక్కల్ని పట్టి తొలగించారు. 1987లో గూళ్ల కోసం చెక్క తెప్పలు అమర్చారు. నీరు పెరిగితే తెప్ప లేస్తుంది, తగ్గితే దిగుతుంది. గూడు మాత్రం మునగదు. డేగలకు కనిపించకుండా తెప్ప మీద కప్పు కూడా ఉంటుంది. 1993లో అక్కడ 65 జంటల గొంతులు వినిపించాయి!

2001 నుంచి, మనుషుల సంరక్షణలో పెంచిన పక్షుల్ని కూడా బురదనేలల్లో వదులుతూ వచ్చారు. 2016లో కాలిఫోర్నియా మొత్తం లెక్క 656 జంటలకు చేరింది. అప్పటివరకు అదే అన్నిటికన్నా పెద్ద లెక్క. అయితే ఆ తర్వాతి సంవత్సరాలలో సంఖ్య మళ్లీ తగ్గింది. ఒక్క ఏడు లెక్కపెట్టి ఊరుకుంటే ఈ ఎగుడుదిగుళ్లు తెలిసేవి కావు. జ్వరం చూసే థర్మామీటరు రోగం కుదర్చదు. కాని అది లేకపోతే మందు పనిచేస్తోందో లేదో డాక్టరుకు తెలియదు. ఏటేటా తీసే ఈ లెక్క కూడా అలాంటిదే.

మీరూ చేసి చూడండి

ఎండాకాలంలో ఒక ఉదయం ముగ్గురు మిత్రులు మీ ఊళ్లో మూడు చోట్ల నిలబడండి. అరగంటసేపు కోయిల "కుహూ" అన్నప్పుడల్లా సమయం, దిక్కు రాసుకోండి. తర్వాత ముగ్గురి కాగితాలూ ఒకే పటంలోకి ఎక్కించండి. ఎన్ని కోయిలలు తేలాయి? ఒకే కోయిలను ఇద్దరూ లెక్కపెట్టలేదు కదా? ఇంకొక మాట. "కుహూ" అనేది మగకోయిల మాత్రమే. మరి మీ లెక్కలో ఆడకోయిలలు ఎక్కడున్నట్టు? ఆలోచించండి. వచ్చే ఏడు అదే నెలలో, అదే వేళకు, అవే చోట్ల నిలబడి మళ్లీ లెక్కపెట్టండి.