తాళం వేసిన ఇంట్లో కుక్క

మహారాష్ట్రలోని చంద్రపూర్‌లో మే నెల మధ్యాహ్నం. ఎండ 46, 47 డిగ్రీలు దాటే ఆ రోజుల్లో పన్నెండు తర్వాత రోడ్డు మీద మనిషి కనిపించడు. కూలర్ల హోరు తప్ప చప్పుడుండదు. ఆ వేళ ఏదో ఒక తాళం వేసిన గేటు వెనక నుంచి కుక్క అరుపు మొదలవుతుంది. మొరుగుతుంది, ఆగుతుంది, సన్నగా మూలుగుతుంది, మళ్లీ మొరుగుతుంది. యజమాని ఫస్ట్ షిఫ్ట్‌కి బొగ్గు గనికి వెళ్లాడు. భార్య బ్యాంకులో ఉంది. పిల్లలు సెలవులకు మంచిర్యాలలో అమ్మమ్మ ఇంట్లో ఉన్నారు. పక్క క్వార్టర్‌లో నైట్ షిఫ్ట్ దిగి వచ్చిన మనిషి దిండు చెవికి అదుముకుని పడుకున్నాడు, నిద్ర మాత్రం రాదు.

బల్లార్పూర్, రాజురా, ఘుగ్గుస్ వైపు గనుల్లోనూ కాగితం మిల్లులోనూ తరాలుగా పనిచేస్తున్న తెలుగు కుటుంబాలకు ఇది తెలిసిన దృశ్యమే. గొడవ ముదిరితే రెండు మాటలు వినిపిస్తాయి. "కుక్కను ఎక్కడైనా వదిలేసి రండి" అని పక్కవాళ్లంటారు. "మా ఇల్లు, మా కుక్క, మా ఇష్టం" అని ఇంటివాళ్లంటారు. చట్టం ముందు ఈ రెండు మాటలూ నిలవవు.

జంతువులపై క్రూరత్వ నివారణ చట్టం 1960లో వచ్చింది. నాట్యకళాకారిణిగా దేశమంతా ఎరిగిన రుక్మిణీదేవి అరండేల్ రాజ్యసభలో ప్రైవేటు మెంబర్ బిల్లు పెట్టి పట్టుబట్టడం దీనికి నాంది. కొట్టడం, తన్నడం మాత్రమే క్రూరత్వమని చాలామంది అనుకుంటారు. కానీ 11వ సెక్షన్ చదివితే ఆశ్చర్యం కలుగుతుంది. మరీ పొట్టి గొలుసుతోనో, మరీ బరువైన గొలుసుతోనో అసమంజసమైనంత సేపు కట్టేసి ఉంచడం 11(1)(ఎఫ్) కింద నేరం. చాలినంత తిండి, నీళ్లు, నీడ ఇవ్వకపోవడం (హెచ్) కింద నేరం. వీటి మధ్యలో ఉన్న (జి) క్లాజు ప్రత్యేకంగా కుక్క కోసమే రాసింది. నిత్యం కట్టేసి గానీ, ఇరుకులో బంధించి గానీ ఉంచే కుక్కకు తగినంత వ్యాయామం చేయించకుండా యజమాని నిర్లక్ష్యం చేస్తే అది కూడా శిక్షించదగ్గ తప్పే. అంటే కడుపు నింపితే సరిపోదు, ఒళ్లు కదలాలి అని ఆరు దశాబ్దాల కిందటే పార్లమెంటు ఒప్పుకుంది.

ఆ మాటను సుప్రీంకోర్టు మరింత ముందుకు తీసుకెళ్లింది. 2014 మే 7న వచ్చిన భారత జంతు సంక్షేమ బోర్డు వర్సెస్ ఎ. నాగరాజ తీర్పు జల్లికట్టు, మహారాష్ట్ర ఎడ్లబండి పందేల గురించినది. పందేల విషయంలో రాష్ట్రాలు తర్వాత చట్టాలు సవరించుకున్నాయి, 2023లో రాజ్యాంగ ధర్మాసనం ఆ సవరణలను సమర్థించింది కూడా. అయితే జంతువుల అయిదు స్వేచ్ఛల గురించి 2014 తీర్పు చెప్పిన సంగతి పెంపుడు కుక్క ఉన్న ప్రతి ఇంటికీ పనికొస్తుంది. ఆకలిదప్పులు లేకుండా, అసౌకర్యం లేకుండా, నొప్పీ రోగం లేకుండా, భయం వేదన లేకుండా ఉండడం నాలుగు స్వేచ్ఛలు. తన జాతికి సహజమైన నడవడితో బతకడం అయిదోది. కుక్కకు సహజమైనవి ఏమిటి? వాసన చూడడం, కొరకడం, వెతకడం, తనవాళ్ల దగ్గర ఉండడం. గోడకేసి చూస్తూ పది గంటలు గడపడం ఆ జాబితాలో ఎక్కడా లేదు.

శిక్ష సంగతి చెప్పక తప్పదు. 11వ సెక్షన్ కింద మొదటి తప్పుకు జరిమానా 10 నుంచి 50 రూపాయలు. మూడేళ్లలోపు మళ్లీ చేస్తే 25 నుంచి 100 రూపాయలు, లేదా మూడు నెలల వరకు జైలు, లేదా రెండూ. దశాబ్దాల నాటి ఈ అంకెలు చూసి చట్టాన్ని తేలిగ్గా తీసుకునేవాళ్లున్నారు. శిక్షలు పెంచే ముసాయిదా సవరణ బిల్లుపై కేంద్రం 2022 నవంబరులో ప్రజాభిప్రాయం కోరింది కూడా. కానీ జరిమానా చిన్నదైనా కోర్టు చేతిలో 29వ సెక్షన్ ఉంది. యజమానికి శిక్ష పడ్డాక, జంతువు అతని దగ్గరే ఉంటే మళ్లీ హింస తప్పదనిపిస్తే, దానిపై అతని హక్కునే కోర్టు తీసేయవచ్చు.

ఫిర్యాదు చేసేవాళ్లు తెలుసుకోవాల్సిన చిక్కు ఒకటుంది. కట్టేసి ఉంచడం, వ్యాయామం లేకపోవడం లాంటివి పోలీసులు నేరుగా కేసు కట్టగల నేరాలు కావు. ఠాణాకు వెళితే "ఎన్‌సీ" (నాన్-కాగ్నిజబుల్ రిపోర్టు) రాసుకుని, మేజిస్ట్రేటు దగ్గరికి వెళ్లమంటారు. అది తప్పించుకోవడం కాదు, పద్ధతే అంత. అయితే ఘటన జరిగిన మూడు నెలల్లోపు ప్రాసిక్యూషన్ మొదలుకాకపోతే 36వ సెక్షన్ తలుపు మూసేస్తుంది. అందుకే తేదీ, సమయం తెలిసే ఫొటోలు, వీడియోలు మొదటి రోజు నుంచే దాచుకోవాలి. నేరం జరుగుతోందని నమ్మడానికి కారణముంటే, కానిస్టేబుల్ కంటే పై హోదా పోలీసు అధికారి 34వ సెక్షన్ కింద జంతువును స్వాధీనం చేసుకుని పరీక్షకు పంపవచ్చు. ఈ ఒక్క సెక్షన్ నంబరు ఫిర్యాదులో రాసి ఉంటే మాట వేరుగా ఉంటుంది.

చంద్రపూర్‌లో కట్టేసిన కుక్కకు మరో ప్రమాదం ఉంది. థర్మల్ విద్యుత్ కేంద్రం, దుర్గాపూర్ గనుల చుట్టుపక్కల చిరుతలు తిరగడం కొత్త కాదు. 2022 ఫిబ్రవరిలో ఆ ప్రాంతంలో పులి, చిరుత దాడుల్లో మనుషుల ప్రాణాలే పోయాయి. చిరుతకు కుక్క ఇష్టమైన ఆహారం. నైట్ షిఫ్ట్‌కి వెళుతూ పెరట్లో గొలుసు వేసి వెళ్లడమంటే పారిపోయే దారి కూడా లేకుండా దాన్ని అక్కడ నిలబెట్టడమే, చిరుతను ఇంటి గుమ్మం దాకా పిలవడమే. రాత్రిపూట కుక్క ఇంట్లోనే ఉండాలి.

పగలు ప్రమాదం ఎండ. కుక్కకు మనిషిలా ఒళ్లంతా చెమట పట్టదు. అది నాలుక బయటపెట్టి రొప్పుతూ వేడి తగ్గించుకుంటుంది. రేకుల షెడ్డు కింద ఆ రొప్పు చాలదు. కూలర్ పెట్టి కిటికీలన్నీ మూస్తే గది ఉక్కపోతతో నిండి రొప్పినా ఫలితం ఉండదు, కాబట్టి గాలి బయటికిపోయే దారి ఉంచాలి. కరెంటు పోతే ఎలా అన్నది కూడా ముందే ఆలోచించుకుని, కింది అంతస్తులో బండలు పరిచిన చల్లటి గది ఎంచుకోవాలి. నీళ్లు ఒక గిన్నెలో కాక రెండు మూడు చోట్ల, బోర్లా పడని మట్టి పాత్రల్లో పెట్టాలి.

ఇక ఒంటరితనం. పనికి వెళ్లేముందు, ఎండ ఎక్కకముందే, అరగంట నడిపించాలి. ఆ నడకలో లాక్కుపోకుండా ప్రతి చెట్టు దగ్గరా వాసన చూడనివ్వాలి. ముక్కుకు పని దొరికిన కుక్క ఇంటికొచ్చి పడుకుంటుంది. పొద్దుటి తిండి గిన్నెలో పెడితే రెండు నిమిషాల్లో అయిపోతుంది. దాన్నే పాత తువ్వాలులో చుట్టలు చుట్టి, అట్టపెట్టెలో పెట్టె దూర్చి, బోలు రబ్బరు బొమ్మలో కుక్కి ఇస్తే వెతుక్కుంటూ చాలాసేపు గడుపుతుంది. ఉప్పు వేయని పెరుగన్నం స్టీలు గిన్నెలో గడ్డకట్టించి ఇస్తే వేసవిలో అది తిండీ, ఆటా రెండూ. ఉల్లి, వెల్లుల్లి, ద్రాక్ష, కిస్‌మిస్, చాక్లెట్, ఉడికించిన ఎముకలు మాత్రం అందుబాటులో ఉండకూడదు. బొమ్మలన్నీ ఒకేసారి పడేయకుండా రోజుకు రెండు మార్చి మార్చి ఇవ్వాలి.

వెళ్లేటప్పుడు ముద్దుచేసి వీడ్కోలు చెప్పడం మానాలి. తాళంచెవి తీసి మళ్లీ కూర్చోవడం, ఒక నిమిషం బయటికెళ్లి రావడం, తర్వాత అయిదు నిమిషాలు, ఇలా అలవాటు చేయాలి. తిరిగొచ్చాక చిరిగిన దిండు చూసి కొట్టడం వృథా, ఎప్పుడో చేసిన పనికి ఇప్పుడు దెబ్బలెందుకో కుక్కకు అర్థంకాదు. బ్రిటన్ జంతు సంక్షేమ సంస్థలు నాలుగు గంటలకు మించి ఒంటరిగా వదలొద్దంటాయి. స్వీడన్‌లో పగటిపూట ఆరు గంటలకొకసారైనా బయటికి తిప్పాలని నిబంధనే ఉంది. మన చట్టం గంటలు చెప్పలేదు కానీ ఎనిమిది గంటల షిఫ్టుకు రానుపోను కలిపితే పది అవుతుంది. మధ్యలో ఎవరో ఒకరు రావాలి. రిటైరైన బాబాయి గారో, ట్యూషన్‌కు వెళ్లే కుర్రాడో పావుగంట తిప్పినా చాలు.

పక్కింటివాళ్ల హక్కు దగ్గరికొద్దాం. 2015లో భారత జంతు సంక్షేమ బోర్డు ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం మొరగడం కుక్క సహజ భాష, ఆ కారణంతో సొసైటీలు కుక్కలను నిషేధించలేవు. మెజారిటీ తీర్మానం చేసినా అంతే. కానీ అవే మార్గదర్శకాలు ఎడతెగని అరుపు ఇరుగుపొరుగుకు ఇబ్బందని, ముఖ్యంగా రాత్రిపూట కుక్కను నిశ్శబ్దంగా ఉంచే ప్రయత్నం చేయాలని యజమానులకు చెబుతున్నాయి. వీధి వీధంతా ఇబ్బంది పడుతుంటే భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 152వ సెక్షన్ కింద ఎగ్జిక్యూటివ్ మేజిస్ట్రేటును ఆశ్రయించవచ్చు. అద్దె ఇంటివాళ్లు మాత్రం ఒప్పందంలో పెంపుడు జంతువుల షరతు ఉందేమో సంతకానికి ముందే చూసుకోవాలి.

కోపంతో విషం పెడితే కథ మారిపోతుంది. భారతీయ న్యాయ సంహిత 325వ సెక్షన్ కింద అయిదేళ్ల వరకు జైలు, పోలీసులు నేరుగా ఎఫ్‌ఐఆర్ రాయాల్సిన నేరమది. యజమాని అజాగ్రత్త వల్ల కుక్క మనుషులకు ప్రమాదమైతే 291వ సెక్షన్ అతని మీదికి వస్తుంది. ఆరు నెలల వరకు జైలు, లేదా 5,000 రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. గొడవ భరించలేక కుక్కను అడవి దారిలో వదిలేసి వస్తే, ఆకలిదప్పులకు వదిలినందుకు 1960 చట్టంలోని 11(1)(ఐ) వర్తిస్తుంది.

వకీలు ఖర్చు భరించలేనివాళ్లు జిల్లా కోర్టు ఆవరణలోని న్యాయ సేవా ప్రాధికార సంస్థను అడగవచ్చు, 15100కు ఫోన్ చేయవచ్చు. మహిళలకు, ఎస్సీ ఎస్టీలకు ఆదాయంతో పని లేకుండా ఉచిత సాయం అందుతుంది. అర్జీ మరాఠీలో రాయించుకుంటే పని త్వరగా సాగుతుంది.

అంతకంటే ముందు యజమాని ఒక పని చేయవచ్చు. పాత ఫోన్‌ను అలమారాపై నిలబెట్టి, తాను వెళ్లాక మొదటి అరగంట రికార్డు చేయాలి. గేటు దగ్గర మనుషులను చూసి మొరుగుతోందా, తలుపు గీరుతూ ఏడుస్తోందా తెలుస్తుంది. మొదటిదైతే గది మారిస్తే చాలు. రెండోదైతే ఆ వీడియో పశువైద్యుడికి చూపించాలి. నైట్ షిఫ్ట్ దిగి వచ్చిన పక్కింటి అన్నకు కూడా చూపించి, తన ఫోన్ నంబరూ, ఇంటి రెండో తాళంచెవీ అతని చేతిలో పెట్టాలి.